తోకకు పెట్టిన బొట్టు

అత్తమ్మా,

రేపు నీ సంవత్సరీకం. సామాన్లు తేవాల్సిన నీ పిల్లలు, అన్నాచెల్లెళ్లిద్దరూ, పొద్దటి నుంచి నీ పూజ రాయి ముందు కూర్చుని కొట్లాడుతున్నారు. మామ ఎక్కడో ఉత్తరాన స్పితి మంచుకొండల్లో రోడ్డు పనికి పోయినప్పుడు తెచ్చిన రాయే. అందులో అచ్చుపడ్డ పురుగును నాగదేవత అనుకుని నువ్వు రోజూ పసుపు పూసేదానివి.

నీ బిడ్డ సుజాత కాలేజీలో చదివిందట. ఆ పురుగు ట్రైలోబైట్ అంటుంది, కోట్ల ఏళ్ల కింద సముద్రంలో బతికి రాయైపోయిందట. అందులో రెడ్లీకియా అనే జాతి, రొయ్యలకూ తేళ్లకూ దూరపు చుట్టమట. వెడల్పుగా ఉన్న కొసే తల, దాని మీద నెలవంకల్లాంటి కళ్లు, చెంపల నుంచి వెనక్కి ముళ్లు, నడుమంతా కణుపులు, చివర చిన్న తోక.

"వదినా, అమ్మ ఇన్నేళ్లు తలకిందులుగా నిలబెట్టి తోకకు బొట్టు పెట్టింది!" అని పడీపడీ నవ్వింది.

"దేవుణ్ని చూసి నవ్వుతావా?" అని నీ కొడుకు.

"బ్రష్‌తో రుద్దితే కళ్లు కనబడతయ్ అన్నా."

"ముట్టుకో, చెప్తా."

ఆఖరికి ఇద్దరూ నా దిక్కు తిరిగి, ఏం చేయాలో నన్నే చెప్పమన్నారు. ఈ ఇంట్లో నేనెప్పుడు నోరు తెరిచాను? అన్నిటికీ నువ్వే మాట్లాడేదానివి.

తోక మీద, బొట్టు పక్కన, ఎండిన పసుపులో నీ వేలి గుర్తు ఉంది. కొట్లాటలో పడి ఇద్దరూ అది చూడనే లేదు.

విసుగొచ్చి రాయి లాక్కున్నాను. తల పైకి తిప్పి, కళ్ల మీది పసుపు మాత్రం తడిగుడ్డతో తుడిచాను. "తోక జోలికి ఎవరూ రావొద్దు" అన్నాను. గట్టిగానే అన్నాను అత్తమ్మా. ఇద్దరూ సంచి పట్టుకుని సామాన్లకు మన పక్కనున్న నాగ్‌పాడా బజారుకు పోయారు.