చెరువులో నా వాటా

ఆదివారం, రాత్రి

నేను కోచ్‌గా ఉన్న ఫుట్‌బాల్ జట్టు ఈరోజు మ్యాచ్ ఓడితే లీగ్‌లో కింది డివిజన్‌కు పడిపోతుందని తెలుసు. అలా జరిగితే క్లబ్ మూసేసి గ్రౌండును ప్లాట్లు చేస్తానని మా క్లబ్ ప్రెసిడెంట్ నాతో ముందే చెప్పాడు.

చెరువులో ఈరోజే వలలు వేస్తున్నట్టు చేపల సంఘం నిన్న సాయంత్రం చాటింపు వేయించింది. వల లాగడానికి మనిషి రాని ఇంటికి వాటా ఉండదు. నా జట్టులో సగం మంది ఆ ఇళ్ల పిల్లలే.

గోల్‌కీపర్ మల్లేశ్‌ను మ్యాచ్‌కు రమ్మని నిన్న రాత్రే ఫోన్లో బతిమాలాను.

"నేను రాకుంటే మా అవ్వకు వాటా పోతది సార్. మా ఇంట్ల ఇంకెవరున్నరు?" అన్నాడు.

పొద్దున మిగిలినవాళ్లతో గ్రౌండులో నిలబడ్డాను. ఆడటానికి సరిపడా మంది లేరని రిఫరీ అవతలి జట్టు గెలిచినట్టు ప్రకటించాడు. మావాళ్లు బంతిని ముట్టుకోనేలేదు. ఇన్నేళ్ల నా చాకిరీ అలా ముగిసింది.

సాయంత్రం మల్లేశ్ వచ్చాడు. తిడదామనుకున్నాను. తడి సంచి నా చేతిలో పెట్టాడు.

"మీకు గూడ ఒక వాటా తీసినం సార్. రేపు ప్రాక్టీస్ ఎన్నింటికి?"

క్లబ్ మూసేస్తారన్న సంగతి దాచి, ఆరింటికి అని చెప్పి పంపేశాను.

చేపలు ఇంకా సంచిలోనే ఉన్నాయి. చెరువులో నాకు వాటా ఉంది. జట్టు లేదు. ఆరింటికి వాళ్లంతా వస్తారు.