తొమ్మిది వేలే తిరిగిన బండి

అన్నయ్యకు, ఇక్కడ మేమంతా కులాసా.

నువ్వు భయపడినట్టు తొందరపడి మోటారు సైకిలు కొనలేదు. ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసే నా ఉద్యోగం, బండి లేకపోతే ఈ నెలాఖరుకి పోతుందన్నారు. అందుకే నిన్న ఒకటి చూసొచ్చాను. పదకొండేళ్ళ బండి, తిరిగింది తొమ్మిది వేల కిలోమీటర్లేనట. "మా నాన్న వారానికోసారి తీసేవాడమ్మా, అంతే," అన్నాడు అమ్మే ఆయన. చూస్తే బ్రేకు పెడలు రబ్బరు అరిగి నున్నగా ఉంది. మీటరు స్క్రూల మీద కొత్త గీతలున్నాయి. మీటర్లతో బతికేదాన్ని, నాకు అనుమానం రాదా? ఆయన తాళాల కోసం లోపలికి వెళ్ళగానే వరండాలో ఉన్న వాళ్ళ నాన్నగారిని, "దీని మీద ఎక్కడికెళ్ళేవారండీ?" అని అడిగాను. పెద్దాయన మొహం వెలిగిపోయింది. "పదేళ్ళు ఊరూరా మందుల షాపులకి సరుకు వేశానమ్మా. ఇంజనే రెండుసార్లు విప్పించాం," అన్నాడు. తాళాలతో వచ్చిన కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను పెద్దాయనకి నమస్కారం పెట్టి వచ్చేశాను.

మా ఆఫీసు గుమాస్తాగారి బండి నాలుగేళ్ళదే కానీ, యాభై ఎనిమిది వేలు తిరిగింది. ఆ మాట ఆయనే చెప్పాడు. అడక్కుండా ఎందుకు చెప్పాడా అని ఇప్పుడు అదో అనుమానం. ఆదివారం వచ్చి నడిపి చూడు. నువ్వు సరేనంటే అదే తీసుకుంటాను.

అమ్మ కంట్లో చుక్కలు వేసుకుంటోందా? అమ్మని కాదు, వదినని అడిగి రా. అందరినీ అడిగానని చెప్పు.

నీ చెల్లెలు