ఆలస్యంగా వచ్చే గొంతు

అక్కకు,

జవాబు ఆలస్యమైందని అలగకు. రాసుకోవడానికి ఇంట్లో బల్ల ఖాళీ లేదు. బల్ల నిండా చిన్న చిన్న పెట్టెలు, ఒక్కో పెట్టెలో బొటనవేలి గోరంత వస్తువు. దుమ్ము తుడుద్దామని గుడ్డ తీస్తే చాలు, నేనేదో పసిబిడ్డ మీద చెయ్యి వేసినట్టు నీ మరిది అడ్డం పడుతున్నారు.

ఆ వస్తువు పేరు కార్ట్రిడ్జ్. గ్రామఫోను రికార్డు తిరుగుతుంటే దాని మీదికి సన్నటి చెయ్యి వాలుతుంది చూడు, ఆ చేతి చివర ఉండే ముక్క. దాని కిందే ముల్లు ఉంటుంది. మా పాతదాని ముల్లు అరిగిపోయింది. అలాంటివి చేసేవాళ్ళు చేయడం మానేశారట. మంచిది ఒకటి కొనుక్కోండి, మళ్ళీ మళ్ళీ కొంటామా అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని చలికాలం నుంచి తల పట్టుకు కూర్చున్నాను.

ఆయన ఉద్యోగం నీకు తెలిసిందే. కొత్తగా పెట్టిన లిఫ్టులు తనిఖీ చేసి, పర్వాలేదని సంతకం పెట్టాలి. ఒకసారి ఎక్కి దిగితే ఆయనకు తృప్తి ఉండదు. ఆ బుద్ధి ఇంటికీ వచ్చింది. కార్ట్రిడ్జ్‌లు అమ్మే కొట్టాయన పాపం మంచివాడు, విని చూసి నచ్చితేనే తీసుకోండి అని ఒక్కో పెట్టె ఇచ్చి పంపుతాడు. నేనతనికి పెట్టెలాయన అని పేరు పెట్టాను. ఒకదాని ముల్లు వజ్రంతో చేసిందట. ఇంకోదాని లోపలి తీగ వెంట్రుక కంటే సన్నమట. ధరలు చెప్పను, వింటే నువ్వు కుర్చీ వెతుక్కుంటావు. ఏది తెచ్చినా రెండు రోజులు విని, తల అడ్డంగా ఊపి, తిరిగి ఇచ్చేస్తారు. ఏం లోపం అంటే, "మరీ స్పష్టంగా ఉంది" అంటారు. స్పష్టంగా ఉండటం కూడా ఒక లోపమేనా అక్కా?

నా బాధ వేరే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్ళజోళ్ళ దుకాణంలో నేను చేసే పనే అది. మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అడుగుతాను. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకముందే ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అదే ప్రశ్న నన్ను అడుగుతారు. తల కదపకూడదు. కుర్చీ జరపకూడదు. వంటింట్లో పొయ్యి మీద ఏదైనా మాడితే అది దాని ఖర్మ.

పోనీ రకరకాల పాటలా అంటే అదీ కాదు. ఎప్పుడూ ఒకటే రికార్డు, అట్ట ఎప్పుడో చిరిగిపోయి తెల్ల కాగితం సంచిలో ఉంటుంది. ఆడామగా కలిసి పాడే బృందగానం. అందులోనూ పాట చివర మాత్రమే. అందరూ ఆపేశాక ఒక సన్నటి గొంతు కాస్త ఆలస్యంగా ఆగుతుంది. "అదుగో, అక్కడ విను" అంటారు. విన్నాను. విని విని నా చెవులు కూడా అరిగిపోయాయి. "అన్నీ ఒకటే, ఏదో ఒకటి ఉంచేయండి" అంటే మొహం చిన్నబుచ్చుకుంటారు.

మీ ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఉండనా? మీ ఇంట్లో రేడియో ఉంటే దాన్ని మాత్రం అటక మీద పెట్టించు.

నీ చెల్లెలు

*

అక్కా,

పోయిన ఉత్తరంలో అంతా వేళాకోళంగా రాశాను. ఇది అలా రాయలేకపోతున్నాను.

నిన్న దుకాణం నుంచి వస్తూ పెట్టెలాయన దగ్గర ఆగాను. "బాబూ, నీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మేలైనది ఒకటి ఇచ్చెయ్యి, నేనే కొని ఆయన చేతిలో పెడతాను, ఈ గోల వదిలిపోతుంది" అన్నాను. అతను లోపలి నుంచి ఒకటి తెచ్చి, గుడ్డ మీద పెట్టి, "దీన్ని మించింది లేదమ్మా. అయినా సార్‌ని తప్పు పట్టలేం. ఆ రికార్డులో మొదటి భార్యగారి గొంతు ఉంది కదా, ఎవరికైనా అంత పట్టింపు ఉంటుంది" అన్నాడు. నాకు తెలుసనుకున్నాడు. నేనూ తెలిసినట్టే తల ఊపి, దాన్ని కొని సంచిలో వేసుకున్నాను.

ఆవిడ ఉండేదనీ, జబ్బు చేసి పోయిందనీ తెలిసే కదా పెళ్ళి చేసుకున్నాను. ఆవిడ ఫొటో హాల్లో ఉంటే ఏనాడూ తీయమనలేదు. కానీ అక్కా, ఇన్ని నెలలుగా నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఆవిడ గొంతు వినిపించి, బాగుందా అని అడగడం ఏమిటి? ఎవరి గొంతో ఒక్క ముక్క చెబితే నేనేమైనా కాదంటానా? దారంతా అదే మంట. నీ దగ్గరికి వచ్చేస్తున్నానని రాయడానికి మనసులో మాటలు కూడా కూర్చుకున్నాను. నాలుగు రోజులకు కాదు.

ఈరోజు మా దుకాణానికి సెలవు, ఆయన పనికి వెళ్ళారు. ఆ కార్ట్రిడ్జ్ నేనే బిగించాను. ఆయన చేస్తుంటే చూసి చూసి వచ్చేసింది. కళ్ళజోడు మరలు తిప్పే నా చేతికి అదేం పెద్ద పని కాదు. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో నేనొక్కదాన్నే, ఎవరూ ఏమీ అడగకుండా వినాలనిపించింది. తరవాత బట్టలు సర్దుకుందామనుకున్నాను.

పాట మొదలైంది. ఆ పెట్టెలాయన అబద్ధం ఆడలేదు. ఎవరు ఎక్కడ నిలబడి పాడుతున్నారో వేలు పెట్టి చూపించగలను. చివరికొచ్చింది. అందరూ ఆపారు. ఆ సన్నటి గొంతు ఆలస్యంగా ఆగింది. అది మగవాడి గొంతు.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ మళ్ళీ పెట్టాను. సందేహం లేదు. పీలగొంతు మగవాడు, చివర్న ఊపిరి అందక చిన్నగా గొంతు సవరించుకోవడం కూడా వినిపిస్తోంది. పాత ముల్లు అరిగి అంతా మసకగా ఉండబట్టి ఆయనకు ఆడగొంతులా అనిపించి ఉంటుంది. ఇన్ని నెలలూ ఎదురుగా కూర్చుని నేనూ అది ఆడా మగా అని పట్టించుకోలేదు. ఇన్నేళ్ళూ ఆయన భార్య అనుకుని విన్నది ముక్కూమొహం తెలియని ఒక మగమనిషిని.

నాకు నవ్వు రావాలి కదా. కోపం తీరాలి కదా. రెండూ జరగలేదు. కుర్చీలో కూలబడి, ఆయనకు ఈ సంగతి తెలియకూడదు, తెలియకూడదు అని మాత్రం అనుకున్నాను. నాకు కష్టం కలిగించిన మనిషి కోసం నేనే కంగారు పడటం చూసి నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. దీన్ని ఊడదీసి తిరిగి ఇచ్చేసి, సరుకు అయిపోయిందని ఆయనతో చెప్పమని పెట్టెలాయనను బతిమాలుకుంటాను. ముందు ఈ ఉత్తరం డబ్బాలో వేసి వస్తాను.

నీ చెల్లెలు

*

అక్కా,

నీ జవాబు చదివాను. బయల్దేరి వస్తానన్నావు. వద్దులే, కంగారు పడకు. ఏం జరిగిందో చెబుతాను.

ఉత్తరం వేసి వచ్చేసరికి ఆయన ముందే ఇల్లు చేరారు. కార్ట్రిడ్జ్ ఇంకా ఊడదీయలేదు. బూట్లతోనే గ్రామఫోను ముందు వంగి నిలబడి ఉన్నారు.

"ఇది ఎవరు బిగించారు?"

"నేనే. నచ్చకపోతే ఇచ్చేద్దాం. మీకు నచ్చదులెండి, మరీ స్పష్టంగా ఉంది."

ఆయన నా వంక చూసి, "విన్నావా?" అన్నారు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనుకున్నాను. ఈలోగా ఆయనే, "నేను దీన్ని మొదట్లోనే విన్నాను. కొట్టాయన మొట్టమొదట ఇచ్చింది ఇదే. అది ఆడగొంతు కాదని అప్పుడే తెలిసింది" అన్నారు.

"తెలిసి కూడా ఇన్ని నెలలు ఏం వెతికారండీ?"

"అన్నీ బాగా వినిపించి, ఆ ఒక్కచోట మాత్రం పాతదానిలా ఉండేది దొరుకుతుందేమోనని." బూట్లు విప్పుకుంటూ, "నా చెవుల మీద నాకు నమ్మకం పోయింది. అందుకే నిన్ను కూర్చోబెట్టేవాణ్ణి. ఎవరో ఆడమనిషి గొంతులా ఉందని నువ్వు ఒక్కసారి అన్నా కొనేసేవాణ్ణి. నువ్వేమో అన్నీ ఒకటే అనేదానివి" అన్నారు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ మింగిందంతా బయటికొచ్చింది. "ఆవిడ అని ఒక్కమాట చెప్పి ఉంటే నేను చెవి పెట్టి వినేదాన్ని కదా. నన్నేదో తూకం రాయిలా కుర్చీలో పెట్టి, అసలు సంగతి కొట్టాయనతో చెప్పుకున్నారు. నేను మీ ఇంట్లో మనిషిని కానా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాయను. "చెబితే నువ్వు బాధపడతావనుకున్నాను" అన్నారు ఆయన చివరికి. ఇప్పుడు పడుతున్నదేమిటో ఆయనకే తెలియాలి.

కోపం చల్లారాక మా దుకాణం సంగతి చెప్పాను. మొదటిసారి కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు కొందరు అద్దంలో చూసుకుని, ఇదేమిటి నా మొహం ఇలా ఉంది, పాతదే నయం అంటారు. అన్నీ కనబడి, మొహం ముడతలు మాత్రం కనబడని అద్దం మా దగ్గర ఉండదు. పెట్టెలాయన దగ్గరా ఉండదు. "కావాలంటే ఆ అరిగిన ముల్లే మళ్ళీ పెట్టుకోండి, నేనేమీ అనుకోను. కానీ వెతకడం మాత్రం ఇక ఆపండి. నా వల్ల కాదు" అన్నాను.

ఆయన పాత కార్ట్రిడ్జ్ చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశారు. అరిగిన ముల్లు రికార్డునే గీకి పాడు చేస్తుందన్నారు. దాన్ని పక్కన పెట్టేసి, కొత్తదే ఉంచమన్నారు. వంటింట్లోంచి ఇంకో కుర్చీ తెచ్చి నా కుర్చీ పక్కన వేసుకుని కూర్చున్నారు. ఇన్ని నెలల్లో ఇద్దరం కూర్చుని వినడం అదే మొదటిసారి.

పాట నడుస్తుంటే, "మరి ఆవిడ ఎక్కడ?" అని అడిగాను.

"ఎక్కడో అందరిలో ఉంది. తను ఏనాడూ తాళం తప్పేది కాదు. ఆలస్యంగా ఆగిన గొంతు తనదని ఎలా అనుకున్నానో. సరిగ్గా పాడేది కాబట్టే విడిగా వినపడదు" అన్నారు. ఆవిడ గురించి ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆవిడకు ఏ పాటలు ఇష్టమో, ఎవరిని అనుకరించి నవ్వించేదో చెబుతూ పోయారు. నేను విన్నాను. కష్టంగా అనిపించిందా అంటే, కొంచెం అనిపించింది. అబద్ధం ఎందుకు.

పాట చివరికొచ్చింది. ఆయన మాట ఆపేశారు. అందరి గొంతులూ ఆగాయి. ఇద్దరం ఆ మనిషి కోసం ఎదురు చూశాం. అతను ఎప్పటిలాగే ఆలస్యంగా ఆగి, గొంతు సవరించుకున్నాడు. ఆయన నా వైపు చూసి నవ్వారు.

నీ చెల్లెలు