మూడో అంతస్తు, తూర్పు కిటికీ

ప్రియమైన అక్కకి,

ఈ ఉదయం ఆఫీసులో ఎవరో తడి గొడుగు నా బల్ల మీద పెట్టారు. పరిచి ఉంచిన మ్యాపులో సరిగ్గా మీ వీధే తడిసింది. చేతిరుమాలుతో అద్దాను.

ఫోనులో నాకు మాటలు పెగలవుగా, అందుకే రాస్తున్నాను. మీ గది ఎదురుగా, పాత మిల్లు స్థలంలో అపార్ట్‌మెంట్లు వస్తున్నాయి. బిల్డరు మా మున్సిపల్ ప్లానింగ్ ఆఫీసుని అదనపు అంతస్తులు అడిగాడు. ఇస్తాం, కానీ ఐదింట ఒక ఇల్లు తక్కువ అద్దెకివ్వాలన్నాం. బయటివాళ్లు ఎగరేసుకుపోకుండా, తాళాలిచ్చే రోజుకి ఆ వార్డులోనే కాపురముండాలని షరతు రాశాను. నిన్ను తలుచుకునే రాశాను. దరఖాస్తు పెట్టు.

నీ చెల్లి

ప్రియమైన పుస్తకాల పురుగుకి,

పెట్టాను. మనుషులతో మాట్లాడవు గానీ మేడలతో బాగానే మాట్లాడతావన్నమాట! నాకు తూర్పు కిటికీ ఒకటి చాలు, పొద్దున్నే సూదిలోకి దారం ఎక్కించుకోడానికి. పాప అప్పుడే గోడల రంగు కూడా తేల్చేసింది.

ఇకనుంచి ఉత్తరాలు టైలరింగ్ షాపుకే రాయి. పోస్టుమాన్‌కి మోకాళ్ల నొప్పులట, మన మెట్లెక్కనని మొండికేశాడు.

ప్రేమతో, అక్క

ప్రియమైన అక్కకి,

బిల్డరు ప్లాను మార్చుకొచ్చాడు. మీ తక్కువ అద్దె ఇళ్లన్నీ వెనక్కి, జనరేటరు పక్కకి తోసి, వేరే గేటు పెట్టాడు. మీటింగులో లేచి నిలబడ్డాను. అందరి ముందూ అన్నాను: "గేటు ఒకటే, మెట్లు ఒకటే." చివరికి ఒప్పుకున్నాడు. మూడో అంతస్తులో మీకు తూర్పు కిటికీలు.

పాప ఇంకా మెట్ల గోడ మీద బొగ్గుతో బొమ్మలు గీస్తోందా? నువ్వు రాయడం తగ్గించావు.

నీ చెల్లి

చిట్టితల్లీ,

మున్సిపాలిటీ గోడకి ఇళ్లు వచ్చినవాళ్ల జాబితా అంటించారు. అందులో నా పేరు లేదు. నువ్వు బెంగపెట్టుకోకు.

పునాదులు తవ్వగానే ఓనరు అద్దె పెంచాడు. "ఎదురుగా అంత మేడ లేస్తుంటే ఇంకా పాత అద్దేనా తల్లీ?" అన్నాడు. ఏరు దాటి, వేరే వార్డుకి వచ్చేశాం. పోస్టుమాన్ మోకాళ్లు నిక్షేపంలా ఉన్నాయి. ముందే నీకు చెప్పుంటే నా కోసం నువ్వు అబద్ధం రాయాల్సొచ్చేది. కాన్వెంటు స్కూల్లో సిస్టర్ల ముందు ఏనాడైనా అబద్ధమాడగలిగావా?

మేం పాత గదిలోనే ఉన్నామో లేదో చూడ్డానికి ఎవరో తనిఖీకి వచ్చారట. వాళ్లను తిట్టుకోను. వాళ్ల పని వాళ్లు చేశారు.

అక్క

అక్కా,

తనిఖీకి వచ్చింది నేనే. ముందుగా చెప్పకుండా వచ్చి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. తలుపు తీసినావిడ నీ పేరే వినలేదంది. మెట్ల గోడకి కొత్త సున్నం వేశారు.

"ఉన్నారు" అని ఒక్క మాట రాస్తే ఇల్లు నీదయ్యేది. చేయి కదల్లేదు. మీ వరస గదుల్లో పాతవాళ్లెవరూ మిగల్లేదు. అర్హులు దొరకని ఇళ్లను బిల్డరు మామూలు ధరకు అమ్ముకోవచ్చు. ఆ వాక్యమూ నా షరతు కిందే ఉంది.

ఆ రోజు సాయంత్రం నీ షాపు ఎదురుగా నిలబడ్డాను. ట్యూబులైటు కింద నువ్వు సూదిలోకి దారం ఎక్కిస్తున్నావు, అది మళ్లీ మళ్లీ తప్పిపోతోంది. నేను లోపలికి రాలేదు.

చెల్లి