ఐదో చుట్టు

శుక్రవారం రాత్రి, కరీంనగర్

ఎవరికీ చెప్పలేని మాట కడుపులో నిలవడం లేదు. అందుకే కలం పట్టాను.

మా సరిత ఆఫీసు పని మీద ఢిల్లీకి రైల్లో వెళ్లి, ఈరోజు మొదటిసారి విమానంలో హైదరాబాద్ వస్తోందని సాయంత్రం దాకా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. బిడ్డ మొదటిసారి విమానమెక్కితే పక్కన తానే కూర్చోవాలని మా ఆయనకు ఏళ్లనాటి కోరిక. నొచ్చుకుంటారని దాచాం.

సాయంత్రం ఆయన, దోస్తు ఖలీల్ భాయ్ ఎప్పటిలాగే అరుగు మీద ఫోన్‌లో విమానాల మ్యాప్ చూస్తున్నారు.

“భాయ్, గీ ఢిల్లీ విమానం దిగుతలేదు. శంషాబాద్ మీద గుండ్రంగ తిరుగుతాంది,” అన్నారు ఆయన.

“వాన ఉన్నట్టుంది. ఫికర్ జెయ్యకు, గది ఎయిర్‌బస్ విమానం. కాకుంటే నాగపూర్‌కు మలుపుతరు.”

“నువ్వేమన్న పైలట్‌వా?”

ఇద్దరూ నవ్వారు. చాయ్ గ్లాసులు అరుగు మీద పెట్టి, ఆయన భుజం మీదుగా ఫోన్‌లోకి చూశాను. ఆ చుట్లను ప్రదక్షిణల్లా లెక్కపెడుతూ రాజన్న దేవుడికి మొక్కుకున్నాను. ఐదో చుట్టుకు నోరు జారింది.

“స్వామీ, నా సరితను కిందికి దించు!”

ఆయన తలెత్తి చూశారు. విమానం దిగాక మెల్లగా అడిగారు.

“కిటికీ పక్క సీటేనా?”

“తెల్వదు,” అన్నాను.

ఖలీల్ భాయ్ వెళ్లాక, ఆయన ఫోన్‌లో విమానం వచ్చిన గీతను ఢిల్లీ నుంచి వేలితో మళ్లీ మళ్లీ దిద్దుతుంటే తలుపు చాటు నుంచి చూశాను.

సరితా, ఈ పేజీ ఎప్పుడైనా నీ చేతికొస్తే దాచుకో, బాపుకు చూపకు. నేను చూసినట్టు ఆయనకు తెలియొద్దు.