మూడో అంతస్తు అమ్మాయి

చిరంజీవి తమ్ముడికి పెద్దక్క దీవెనలు. మా యూనివర్సిటీ హాస్టల్లో నిప్పంటుకుందని పేపర్లో చూసి కంగారు పడకు, దేవుడి దయవల్ల అందరం క్షేమం.

పోయిన నెల అగ్నిప్రమాదం రిహార్సల్ జరిగింది. మూడో అంతస్తులో చక్రాల కుర్చీ అమ్మాయి ఉంది. గంట మోగితే లిఫ్టు ఆపేస్తారు కనుక ఆమెను మోసుకుని దింపాలి. ఉత్తుత్తిదానికి ఆ పిల్లకెందుకు శ్రమ అని గదిలోనే ఉండమన్నాను. అందరూ దిగారని వార్డెన్‌గా సంతకం పెట్టాను.

మంగళవారం పొద్దున కరెంటు బోర్డు అంటుకుని నిజంగానే గంట మోగింది. కింద తలలు లెక్కపెడితే ఒకటి తగ్గింది. ఎవరో నాకు వెంటనే తెలిసింది. వాచ్‌మన్, నేను ముక్కుకు తడిగుడ్డలు కట్టుకుని పైకి వెళ్ళాం. ఆ పిల్ల తలుపేసుకుని చదువుకుంటోంది.

"మళ్ళీ రిహార్సలేమో అనుకున్నా మేడమ్. దాన్లో నేను లెక్కలో లేనుగా" అంది.

దుప్పట్లో కూర్చోబెట్టి దించాం. "మేడమ్, మీరు మోస్తున్నారా, వేలాడుతున్నారా?" అని వాచ్‌మన్ వేళాకోళమాడాడు. ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ప్రార్థనకు కూర్చున్నా ఆ సంతకమే కళ్ళముందు ఆడుతోంది. అది తప్పుడు సంతకమని ఇవాళ ఆఫీసులో రాసిచ్చాను. ఏమంటారో చూడాలి.

నీ వడ్రంగం షెడ్డులో, ఇద్దరు పట్టుకుని మెట్లు దింపడానికి వీలుగా పిడులున్న తేలిక కుర్చీ ఒకటి చేసి పంపు. మెట్ల వెడల్పు మూడున్నర అడుగులు.

మరదలి కాలి కట్టు విప్పారా? లేకపోతే తన మంచం మేడమీద ఉంచకు. రేపూ మాపూ అనకుండా ఈ కార్డు అందిన పూటే కిందికి దింపు. పైవాడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

అక్క