కోట గుమ్మం దగ్గర విన్న మాట

బస్రా

చిరంజీవి హయ్యాన్‌కు,

అల్లా కరుణ నీ తల మీద ఎప్పుడూ గొడుగై ఉండాలని దీవిస్తూ అమ్మ రాసేది. ఇక్కడ నేనూ, మీ అక్కా, దాని పిల్లలూ కులాసా. సింధులో, మన్సూరా కోట కాపలాలో నువ్వూ క్షేమమని రాశావు. చాలా సంతోషం.

ఎప్పటిలా మసీదు దగ్గర రాయసగాడి చేత రాయించలేదు. ఈ వంకర అక్షరాలు నావే. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

చలి మొదలైంది. తెల్లవారేసరికి కాలవ మీద పొగమంచు పరుచుకుంటోంది. పడవలు కనబడవు, పడవవాళ్ల మాటలు మాత్రం ఎక్కడినుంచో వినబడతాయి. అరుగు మీద కూర్చుని వింటుంటే ఇది ఏ ఊరో, ఏ నది ఒడ్డో ఒక్కోసారి మరిచిపోతున్నాను.

నువ్వు అడిగినవాటికి చెబుతాను. మీ నాన్న జీనులు కుట్టే సూదులూ కత్తులూ మీ బావకిచ్చేశాను. మనిషి పోయి మూడేళ్లయింది, పనిముట్లు ఊరికే తుప్పు పట్టడం నాకిష్టం లేదు. మోకాలు నొప్పి అలాగే ఉంది. ఎండలో కూర్చుంటే కాస్త నయం. లుబాబాతో నీ పెళ్లి ముహూర్తం అడిగావు, ఆ సంగతి తరవాత చెబుతాను.

ముందు ఆ కోట గుమ్మం సంగతి. నువ్వు రాసింది ఎన్నిసార్లు చదివానో. అక్కడ గేదెలు కాసే జాట్లు ఊళ్లోకి రావాలంటే కాళ్లకు చెప్పులుండకూడదనీ, వెంట కుక్క ఉండాలనీ, చూడగానే వాళ్లెవరో తెలియాలనీ రాశావు. పాత రాజులు పెట్టిన ఆ కట్టడిని మనవాళ్లూ తియ్యలేదన్నావు. కుక్క లేకుండా వచ్చిన ఒక ముసలాయన్ని నువ్వు బల్లెం కర్రతో కొట్టావు. ఆయన కింద కూలబడి, నీ మొహంలోకి చూసి 'నీంగరూ' అన్నాడు. చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చుతూ నువ్వు అనే మాటే కదమ్మా, అది తిట్టా, అని అడిగావు.

తిట్టు కాదు హయ్యాన్. నాయనా అని. నువ్వు కొడితే ఆయన నిన్ను నాయనా అన్నాడు.

నేను బల్ఖ్ పట్నంలో పుట్టానని మీకందరికీ చెప్పాను. కాదు. నువ్వున్న సింధులోనే, మిహ్రాన్ నది పక్కన రెల్లు గుడిసెలో పుట్టాను. మా నాన్న జేసర్ గేదెలు కాసేవాడు. ఊళ్లోకి వెళ్లే రోజు మా ఎర్రకుక్క మెడకు తాడు కట్టి తీసుకెళ్లేవాడు. దానికి ఊరు చూపించడానికే అనుకుని నేనూ వస్తానని ఏడ్చేదాన్ని. నాన్న నవ్వి, 'నీకెందుకే ఆ ఊరు' అనేవాడు. ఆ నవ్వు ఎలాంటిదో అప్పుడు తెలియదు. నాకు పదేళ్లప్పుడు గుర్రాల మీద వచ్చి నన్ను పట్టుకుపోయారు. తరవాత సముద్రం, ఆ తరవాత ఈ ఊరు. మా యజమానురాలు మంచిది. రయ్యా అని పేరు పెట్టింది, కల్మా చెప్పించింది, అక్షరాలు దిద్దించింది. మీ నాన్నకిచ్చి చేసేముందు బానిసతనం నుంచి విడిపించింది కూడా. బల్ఖ్ అని చెప్పమన్నది ఆవిడే. గేదెలవాళ్ల పిల్లవని తెలిస్తే రేపు నీ పిల్లల్ని ఎవరూ చేసుకోరు అంది. మీ నాన్నకు కూడా చెప్పలేదు.

నమాజుకు వరసలో నిలబడ్డప్పుడు నా భుజం పక్కన ఎంత గొప్పింటి ఆడది నిలబడ్డా, నేను ఎవరి బిడ్డనో ఆమెకు అక్కర్లేదు. ఆ కాసేపూ ఒళ్లు తేలికై నీళ్ల మీద ఉన్నట్టుంటుంది. అది అబద్ధం కాదు. వరస విడిపోయాకే అందరికీ అదే కావాలి.

నీ ఉత్తరం వచ్చిన మూడో రోజున లుబాబా తల్లి ఉమ్ము ఆసిమ్ ముహూర్తం మాట్లాడడానికి వచ్చింది. వాళ్లూ మనలాగే మతంలో కలిసినవాళ్లే అయినా, ముత్తాత పారసీక రౌతు అని చెప్పుకుంటారు. ఖర్జూరాలు పెట్టాను. తింటూ అడిగింది.

"బల్ఖ్‌లో మీ నాన్నగారిది ఏ పేట, వదినా?"

ఎన్నోసార్లు చెప్పిన జవాబే. ఆ రోజు మాత్రం వేరేది చెప్పాను.

"బల్ఖ్ కాదు వదినా. నేను సింధు జాట్ల పిల్లని."

చేతిలో పండు పళ్లెంలో పెట్టేసింది. "ఇన్నేళ్లూ మసీదులో నా పక్కనే నిలబడ్డారు. ఎప్పుడూ చెప్పలేదేం?"

"అక్కడ మీరు అడగలేదు కదా."

"అక్కడ వేరు, పిల్లనివ్వడం వేరు" అని లేచింది. కోపంగా కూడా అనలేదు. మర్నాడు పిల్లకు మనం పెట్టిన పట్టు మేలిముసుగు తిరిగొచ్చింది. నీ పెళ్లి నేనే చెడగొట్టాను. నా మీద కోపం వస్తే రానీ, అది న్యాయమే. లుబాబా మాత్రం శుక్రవారం నమాజులో తల్లి పక్కనుంచి వచ్చి నా పక్కన నిలబడింది.

ఆ మధ్యాహ్నమే పడవ మాట్లాడుకుని చిత్తడి నేలల్లోకి వెళ్లాను. సింధు నుంచి తెచ్చి దింపిన గేదెలవాళ్లు అక్కడ రెల్లు మధ్య ఉంటారు. పడవ వెళ్తుంటే రెల్లు రెండు పక్కలా వంగి మూసుకుపోయింది. గేదెల వాసన ముందు వచ్చింది, ఆ తరవాతే గుడిసెలు కనబడ్డాయి. ఒక ముసలమ్మ వెన్న తీస్తోంది. మాట్లాడదామంటే ముప్ఫై రెండేళ్లుగా ఎవరితోనూ మాట్లాడని నా భాష గుర్తుకు రాలేదు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఎవరి బిడ్డవే?" అంది.

"జేసర్ కూతుర్ని. లాఖీని."

ఆమెకు జేసర్ ఎవరో తెలియదు. అయినా చాప మీద జరిగి చోటిచ్చింది. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి: నీళ్లు, దూడ, అమ్మ.

నువ్వు కొట్టినాయన మా నాన్న అయి ఉండడు. మా నాన్న బతికుంటాడని కూడా అనుకోను. అయినా ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లు. బల్లెం కోటలోనే వదిలెయ్. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగకు. దెబ్బ ఎలా ఉందని అడుగు.

ఇట్లు,
నీ అమ్మ,
జేసర్ కూతురు లాఖీ